గౌలిగూడ అవ్వ పేరు

టొరంటో

అన్నయ్యకు, వదినకు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం.

పెత్తరమాస నాడు నువ్వు పెద్దలకు బియ్యం ఇస్తుండగా ఫోనులో చూశాను. వసు, రుద్ర, ఆదిత్య రూపులంటూ అయ్యగారు అడిగిన వరుసలో బాపు పేరు, తాతయ్య పేరు, ముత్తాత పేరు తడుముకోకుండా చెప్పావు. ముత్తాత భార్య వంతు వచ్చేసరికి మాత్రం ఇంట్లో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, చివరకు 'గౌలిగూడ అవ్వ' అని చెప్పి ముగించారు. బియ్యం ఇవ్వడం కొడుకుల వంతు కాబట్టి ఆ పీట మీద నాకు చోటు లేదు. కానీ ఎవరికి ఇస్తున్నామో తెలుసుకోవడం కూడా ఆ నమ్మకంలో భాగమేనని, ఆ పని నేను చేయగలనని అనిపించింది.

మూసీ వరదలో ఇల్లు పోయిన కథ గుర్తుందా? పెత్తరమాస బియ్యం ఇచ్చిన మూడో నాటికే ఇల్లు కొట్టుకుపోయిందని నాయనమ్మ చెప్తుంటే అది కథ కోసం కల్పించిన మాటేమో అనుకునేదాన్ని. ఈమధ్య లెక్క వేసి చూశాను: 1908లో ఆ అమావాస్య సెప్టెంబరు 25న వచ్చింది, వరద ముంచెత్తింది 28న. చదువు రాని ముసలమ్మ నోటి మాట తిథితో సహా నిలిచింది. అందుకే ముందు మనుషులను అడిగి, ఆ తర్వాతే కాగితాల దగ్గరికి వెళ్దామని అంటున్నాను.

బాపు ట్రంకుపెట్టెలో ఉన్న ఉర్దూ దస్తావేజు మీద 1337 ఫసలీ అని, అంటే నిజాం కాలపు రెవెన్యూ లెక్క సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే 1927 వస్తుంది. పాత ఉర్దూ చదివే పెద్దమనిషికి ఎవరికైనా చూపించు. అందులో 'వల్ద్' అన్న మాట తర్వాత వచ్చేది తండ్రి పేరు కనుక ముత్తాతకు పైతరం దొరకవచ్చు. తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారానికి ఆ తర్వాత వెళ్లవచ్చు. కానీ ఇల్లు మగవారి పేరిట కొన్నప్పుడు అవ్వ పేరు అందులో ఎందుకు ఉంటుంది?

ఆ పేరు వరంగల్ అత్తమ్మ దగ్గరే ఉంది. ఆమెను నేరుగా పేరు అడగవద్దు, 'అవ్వ అనే పిలిచేవాళ్లం' అని తేల్చేస్తుంది. అవ్వ పుట్టినిల్లు ఏ ఊరు, బతుకమ్మకు తీసుకుపోవడానికి ఎవరు వచ్చేవారు, వాళ్లు ఆమెను ఏమని పిలిచేవారు అని అడుగు. అత్తగారింట పేరు మార్చే అలవాటు ఉండేది కనుక రెండు పేర్లూ ఉండవచ్చు, రెండూ రాసుకో. ఫోనులో రికార్డు చేసుకుంటే ఇంకా మంచిది, నాకూ వినాలని ఉంది.

భోజనమయ్యాక అత్తమ్మకు కునుకు పడుతుంది. ఈ ఆదివారం పొద్దున్నే బయలుదేరు.

నీ చెల్లెలు