ఈక్వెడార్‌లోని గ్వాయాకిల్ నుంచి నాన్నకి

నాన్నా,

ఫోన్‌లో చెబుదామంటే నువ్వు సగం వినకముందే "సరేలేమ్మా, జాగర్త" అని అమ్మకి ఇచ్చేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. తమ్ముడికి వాట్సాప్‌లో పంపి ప్రింటు తీసి నీకు ఇవ్వమన్నాను. అసలు సంగతి నువ్వు పెంచే రొయ్యల గురించి, అది కింద ఉంది. కానీ అమ్మ టెన్షన్ తీర్చకపోతే నిన్ను ఈ కాగితం చదవనివ్వదు కాబట్టి ముందు ఆ కబుర్లు.

అమ్మా, మేం బాగున్నాం. "ఆయన పనిమీద పోతుంటే నువ్వెందుకే అంత దూరం" అన్నావు కదా, బ్యాంకాక్‌లో ఆ ఫ్లాట్‌లో ఒక్కదాన్నే నెలన్నర కూర్చునే బదులు ఆయనతో ఉంటే ఇద్దరికీ వేళకి ఇంటి తిండి ఉంటుందని వచ్చాను. పైగా ఈక్వెడార్ అనే పేరు వినగానే రాకుండా ఉండలేకపోయాను, ఎందుకో నాన్నకి అర్థమవుతుంది. 2024 జనవరిలో ముసుగులేసుకున్నవాళ్ళు తుపాకులతో టీవీ స్టేషన్‌లోకి జొరబడ్డారని మన వార్తల్లో చూపించారే, అది ఈ ఊళ్ళోనే. ఎటూ తమ్ముడు చెప్పేస్తాడు, దాచి లాభం లేదు. అందుకే మేమూ జాగ్రత్తగానే ఉంటున్నాం. కంపెనీ ఇచ్చిన కారు, వాళ్ళ డ్రైవరు తప్ప వేరే బండి ఎక్కం, చీకటి పడ్డాక బయటికి పోం, నీ గొలుసు బ్యాంకాక్‌లోనే లాకర్లో పెట్టి వచ్చాను. ఎల్లో ఫీవర్ టీకా బయల్దేరకముందే వేయించుకున్నాం, ఇక్కడినుంచి ఇండియాకి నేరుగా రావాలన్నా ఆ సర్టిఫికెట్ చూపించాల్సిందేనట.

తిండి సంగతి అడుగుతావు కదా. ఇక్కడివాళ్ళు మధ్యాహ్నం అన్నం లేకుండా తినరు. అన్నంలోకి ఎర్రగా ఉడికించిన బీన్సో పప్పో పెట్టుకుని, పక్కన పచ్చి అరటికాయ ముక్కల్ని నూనెలో వేయించి, చితక్కొట్టి, మళ్ళీ వేయించి పెడతారు. ఊరు దాటితే దౌలె వైపు అంతా వరి, ఆ పొలాలు చూసినప్పుడు కోవూరు దాటి పోతున్నామా అనిపించింది. ఎండ్రకాయలైతే చెప్పక్కర్లేదు, హోటల్లో మనిషికో చెక్కపలక, చిన్న చెక్క సుత్తి ఇస్తారు, అందరూ టకటకా కొట్టుకుంటూ తింటారు. చింతపండుకి కరువు లేదు, ఇక్కడ దాంతో షర్బత్ చేసుకుని తాగుతారు. నేను మాత్రం చేపల పులుసు పెట్టాను, బ్యాంకాక్ నుంచి తెచ్చుకున్న మన కారంతోనే. కరివేపాకు దొరకలేదు, పచ్చిమామిడికాయ ముక్కలు లేవు, అయినా రెండోరోజుకి బాగా ఊరి ఆయన నాలుగుసార్లు వడ్డించుకున్నారు. ఊరి నడిమధ్యలో చర్చి ఎదురుగా ఒక పార్కు ఉంది, అందులో ఉడుములంతేసి ఇగ్వానాలు మనుషుల కాళ్ళ మధ్య తిరుగుతుంటాయి, తమ్ముడి కొడుక్కి ఆ ఫోటోలు పంపాను, చూపించు.

ఇక నాన్నా, నీ సంగతి.

మేముండే చోటు నుంచి గ్వాయాస్ నది కనిపిస్తుంది. పొద్దున గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా సముద్రం వైపు పోతుంటుంది, మధ్యాహ్నం చూస్తే అదే గుర్రపుడెక్క వెనక్కి పైకి వస్తుంటుంది. పోటు అంత బలంగా ఉంటుంది ఇక్కడ. పోటు మీదున్నప్పుడే మోటార్లు వేసి రొయ్యల గుంటలకి నీళ్ళు ఎక్కించుకుంటారు, మైపాడు దగ్గర నువ్వు కాలవ నీళ్ళు చూసుకుని మోటారు వేసినట్టే. మన వెనామీ రొయ్య పుట్టిల్లు ఈ పక్క సముద్రమే కదా. మనకి 2009లో పర్మిషన్ ఇచ్చిన రొయ్య, అమెరికా నుంచి తల్లి రొయ్యల్ని విమానంలో తెచ్చి చెన్నై నీలాంగరైలో క్వారంటైన్‌లో పెట్టి, ఆ తర్వాత పిల్లల్ని తీసే హేచరీలకి ఇస్తారు కదా, ఆ జాతి ఇక్కడి సముద్రంలో దానంతటది తిరుగుతుంది. చిన్నప్పుడు గట్టుమీద నీ పక్కన, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పట్టుకుని నిలబడ్డదాన్ని, ఇక్కడిదాకా వచ్చి ఒక్క గుంట అయినా చూడకుండా పోతానా?

ఆయన పని ఎలాగూ ఫామ్‌ల చుట్టే, గుంటల్లో వాడే మినరల్స్, ప్రోబయోటిక్స్ ట్రయల్స్ వేయించడం. నన్నూ తీసుకెళ్ళమని అడిగాను. కొన్ని ఫామ్‌లకి పడవలో పోవాలి, వాటికి నన్ను రానివ్వలేదు, ఎందుకంటే గుంటల్లో పట్టిన రొయ్యల మీద దొంగలు పడవల్లో వచ్చి పడతారట, తుపాకీ కాపలా లేనిదే ఐసు బాక్సులు కదలవు. రోడ్డుమీద పోగలిగే ఫామ్ నరంహాల్ వైపు ఒకటి ఉంటే అక్కడికి తీసుకెళ్ళారు. దారంతా అరటి తోటలు, కోకో తోటలు, చివర మడ అడవి, ఆ వెనక గుంటలు.

కారు దిగగానే నాకు వింతగా అనిపించింది చప్పుడు లేకపోవడం. నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్ ఒక్కటీ లేదు. అవతలి గట్టు కనపడనంత గుంట, ఒక్కటే పది హెక్టార్లట, అంటే పాతిక ఎకరాలు. నీళ్ళు కదలకుండా ఉన్నాయి, అక్కడక్కడ కొంగలు. మన గుంటల దగ్గర రాత్రి కరెంటు పోతే నువ్వు మంచం మీంచి ఎలా లేచి పరుగెత్తేవాడివో, జనరేటర్ అందుకునేదాకా అమ్మ గుమ్మంలో ఎలా నిలబడి ఉండేదో నాకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఆక్సిజన్ పడిపోతే ఏం చేస్తారని మేనేజర్ని అడిగాను. చదరపు మీటరుకి పదిహేను ఇరవై రొయ్యపిల్లలే వేస్తామమ్మా, దానికి గాలీ నీళ్ళూ సరిపోతాయి, తేడా వస్తే నీళ్ళు మారుస్తాం అన్నాడు. ఇప్పుడిప్పుడే కరెంటు లాగి, ఏరేటర్లు పెట్టి ఎక్కువ వేసేవాళ్ళూ వస్తున్నారట, కానీ అలవాటుగా చేసేది ఇదే. మనవాళ్ళు నలభై, యాభై, అరవై కూడా వేస్తారు కదా.

గుంట మధ్యలో తెప్పమీద డబ్బాలాంటి మిషను, దానిమీద సోలార్ పలక, కింద నీళ్ళలోకి ఒక వైరు. ఆ వైరు చివర మైకు ఉంటుందట. మేనేజరు నా చెవులకి హెడ్‌ఫోన్ పెట్టాడు. వేడి నూనెలో ఆవాలు వేస్తే వస్తుందే, ఆ చిటపట. అది రొయ్యలు మేత నమిలే చప్పుడు నాన్నా! చప్పుడు గట్టిగా ఉన్నంతసేపు మిషను కొంచెం కొంచెంగా మేత చిమ్ముతుంది, చప్పుడు తగ్గితే ఆపేస్తుంది. నువ్వు చెక్ ట్రే వేసి, రెండు గంటలాగి, పైకి లాగి, మిగిలిన మేత వేళ్ళతో తడిమి చూసి లెక్క కట్టేదంతా అది చెవితో చేస్తోంది. నేను ఆ హెడ్‌ఫోన్ తియ్యబుద్ధి కాక అలాగే నిలబడిపోయాను, మీ అల్లుడు వచ్చి భుజం తట్టేదాకా.

అక్కడ ఒక పెద్దాయన ఉన్నాడు, నీకన్నా నాలుగైదేళ్ళు పెద్ద ఉంటాడేమో, సొంత గుంటలున్న మనిషి, సీడ్, అదే రొయ్యపిల్లల పనిమీద వచ్చాడు. ఆఫీసు అమ్మాయి ఒకామె ఇంగ్లీషులోకి చెబుతుంటే ఆయనతో చాలాసేపు మాట్లాడాను. ఇక్కడ రొయ్యల్ని చంపే వైట్ స్పాట్ రోగం 1999లో వచ్చిందట. అదే ఏడాది బ్యాంకులు మూతపడి జనం డబ్బులు చిక్కుకుపోయాయి, 2000లో సొంత కరెన్సీ ఎత్తేసి అమెరికా డాలరు తెచ్చుకున్నారు. గుంటలోదీ పోయింది, బ్యాంకులోదీ పోయింది అన్నాడు. దేశం మొత్తం మీద రొయ్య మూడో వంతుకి పడిపోయింది. అది వింటుంటే మన టైగర్ రొయ్య పోయిన ఏడు, 1994లోనో 95లోనో, అమ్మ గాజులు తాకట్టుకి పోవడం, నువ్వు ఎవరితో మాట్లాడకుండా ఎండిన గుంట గట్టుమీద కూర్చోవడం కళ్ళముందు కనపడ్డాయి, మా నాన్నదీ ఇదే కథ అని ఆయనకి చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని మీ నాన్న మళ్ళీ వేశాడా అని అడిగాడు. వేశాడు, ఇప్పటికీ వేస్తున్నాడు అన్నాను.

తర్వాత ఏం చేశారంటే, గుంటల్లో చచ్చినవి చావగా మిగిలిన రొయ్యల్ని ఏరి వాటినే తల్లులుగా పెట్టుకుని సీడ్ తీశారట, మళ్ళీ వాటిలో బతికినవి, మళ్ళీ వాటిలో. ఏళ్ళతరబడి అట్టా చేస్తే రోగాన్ని ఓర్చుకునే పిల్ల తయారైంది. ఏ రోగమూ తగలని తల్లిని బయటినుంచి తెచ్చుకునే మన పద్ధతికి ఇది ఎదురు. ఇప్పుడు ప్రపంచంలో రొయ్య ఎగుమతిలో వీళ్ళే మొదటివాళ్ళు, ఏడాదికి పది లక్షల టన్నుల పైన, అందులో అందరికన్నా ఎక్కువ చైనాకే పోతుంది.

నాన్నా, వీళ్ళదంతా మనకి కుదురుతుందని నేను అనడంలేదు. వీళ్ళకి వందల ఎకరాలు, నీకు నాలుగు గుంటలు, అందులో రెండు లీజు. ఎకరానికి ఎక్కువ తీయకపోతే లీజే గిట్టదు, అది నాకు తెలుసు. కానీ ఈసారి పరిస్థితి చూడు. 2025 ఆగస్టులో మన రొయ్యకి అమెరికాలో 50 శాతం సుంకం పడింది, వీళ్ళకి 15. ఆ మాట వినగానే అక్కడ కొనేవాళ్ళు రేటు ఎట్టా దించారో నువ్వే చెప్పావు. ఈ రేటు మీద యాభై లెక్కన సీడ్ వేసి, మేత అప్పు తెచ్చి, రాత్రంతా ఏరేటర్లు తిప్పి, మధ్యలోనే ఏదో మచ్చ కనపడిందని కంగారుగా 100 కౌంట్‌లో, అంటే కిలోకి వంద తూగే సైజులో పట్టేస్తే మిగిలేదేముంది? కరెంటు, మేత, మందులు అన్నీ సాంద్రతని బట్టే పెరుగుతాయి, రోగం కూడా. పలచగా వేస్తే పిల్ల తొందరగా పెరుగుతుంది, 40 కౌంట్‌కో 50 కౌంట్‌కో ఆగగలిగితే కిలో రేటే వేరు.

అందుకని నేను అడిగేది ఒక్కటే. మన సొంత గుంటలు రెండిట్లో, కాలవ పక్కనున్న దాంట్లో ఈసారి సగం పిల్ల వెయ్యి. మిగతావి నీ ఇష్టం. మేత ఎంత పట్టింది, కరెంటు ఎంతయింది, ఎన్ని రోజులకి ఏ కౌంట్ వచ్చిందో తమ్ముణ్ణి రెండు గుంటలకీ విడివిడిగా పుస్తకంలో రాయమను. అది నష్టమైతే ఆ గుంట ఖర్చు నాది. మీ అల్లుడితో మాట్లాడే రాస్తున్నాను, ఆయనే ముందన్నారు, మామయ్య రాత్రిళ్ళు పడుకుని ఎన్నేళ్ళయిందో అని. డాక్టరు బీపీ మాత్ర రాత్రి వేసుకోమన్నది నువ్వు గుంట కాడికి పోయి మర్చిపోయేదానికి కాదు నాన్నా. నీ ఆరోగ్యం కన్నా పంట ఎక్కువ కాదు మాకు.

సీడ్‌కి అడ్వాన్స్ ఇచ్చేలోపు ఒకసారి ఫోన్ చెయ్యి. మీకన్నా మేం పదిన్నర గంటలు వెనక. పొద్దున ఏడింటికి నువ్వు గట్టు మీంచి వచ్చి టీ తాగే వేళకి ఇక్కడ ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర, ఇద్దరం ఇంట్లోనే ఉంటాం. ఈసారి అమ్మకి ఇచ్చెయ్యకుండా నువ్వే మాట్లాడు.

నీ కూతురు