ఏప్రిల్ వార్తాలేఖ: ‘ఫైర్’ అనే మాట, మన పిల్లల చదువు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల ఏడో తరగతి ఇంగ్లీషు పీరియడ్లలో ‘ఫైర్’ అనే ఒక్క మాట మీద వరుసగా పాఠాలు నడిచాయి. సిలబస్ వెనకబడుతుందేమోనని మీలో కొందరు అడిగారు కనుక, ఆ సమయం ఎందుకు కేటాయించామో వివరించడం నా బాధ్యత.

ఫైర్ అంటే నిప్పు అని పిల్లలకు చిన్న తరగతుల్లోనే వచ్చేస్తుంది. అయితే అదే మాట ఒక వాక్యంలో అగ్నిప్రమాదం, మరొకచోట కాల్పులు, ఇంకొకచోట ఉద్యోగంలోంచి తీసేయడం అవుతుంది. గైడులో ఇచ్చిన ఒకే అర్థాన్ని బట్టీపట్టిన విద్యార్థి, యజమాని గుమాస్తాను ఫైర్ చేశాడన్న వాక్యానికి తుపాకీతో కాల్చాడని రాస్తాడు. మార్కు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. తనకు అర్థం కాలేదన్న సంగతే ఆ విద్యార్థికి తెలియకపోవడం నన్ను కలవరపెడుతుంది.

తుపాకీకీ నిప్పుకూ ఉన్న సంబంధం పిల్లలను బాగా ఆకట్టుకుంది. పూర్వపు తుపాకులను, ఫిరంగులను పేల్చాలంటే వెలుగుతున్న వత్తితో మందుగుండును అంటించవలసి వచ్చేది కాబట్టి, నిప్పు పెట్టడమే పేల్చడమైంది. మనమూ తుపాకీ కాల్చడమనే అంటాం, పత్రికలు కాల్పుల విరమణ అనే రాస్తాయి. ఉద్యోగం నుంచి తొలగించడమనే అర్థం మాత్రం 19వ శతాబ్దం చివర అమెరికాలో స్థిరపడింది. ఇక ‘ప్రతిపక్షంపై మంత్రి ఫైర్’ అన్న మన పత్రికల శీర్షికను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి మారిస్తే, మంత్రి కోప్పడ్డారని కాక కాల్పులు జరిపారని అర్థమవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది పెట్రోలు ట్యాంకర్ల వెనక కనిపించే ‘ఇన్‌ఫ్లేమబుల్’ అనే మాట. కరెక్ట్‌కు ‘ఇన్’ చేరిస్తే వ్యతిరేకార్థం వస్తుందని నేర్చుకున్న పిల్లలు, దీన్ని మండని పదార్థమని పొరబడవచ్చు. నిజానికి ఇది ‘మంట అంటించు’ అనే లాటిన్ క్రియ నుంచి వచ్చింది. ఫ్లేమబుల్ అన్నా ఇన్‌ఫ్లేమబుల్ అన్నా సులువుగా అంటుకునేదనే అర్థం. మండనిదాన్ని ‘నాన్ ఫ్లేమబుల్’ అంటారు. ఈ తేడా ప్రతి విద్యార్థికీ తడుముకోకుండా రావాలని నేను పట్టుబట్టాను.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ‘ఫోర్ట్ స్టికైన్’ ఓడ పేలిన ఘటనలో మరణించిన అగ్నిమాపక సిబ్బంది స్మృతిలో, ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు దేశమంతటా అగ్నిమాపక సేవా వారం జరుగుతుంది. ఆ వారంలో మన బడిలోనూ ఫైర్ డ్రిల్ ఉంటుంది. అంతకుముందే ఒక సాయంత్రం మీ ఇంట్లోని సెంటు స్ప్రే, దోమల మందు డబ్బా, పెయింట్ థిన్నర్ సీసాల మీది హెచ్చరికలను మీ పిల్లల చేత పైకి చదివించండి, అర్థం వారినే చెప్పనివ్వండి. పొయ్యి దగ్గర అలాంటివి ఉంటే వారి ఎదుటే అక్కడి నుంచి తీసేయండి. అగ్నిమాపక కేంద్రం నంబరు 101 వారికి నోటికి వచ్చో రాదో కూడా అడిగి చూడండి. డబ్బాలను మాత్రం బడికి పంపవద్దు. వాటి మీది మాటలను నోటుబుక్కులో రాసి పంపితే చాలు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు