ప్యారలల్ ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో జవాబు ఒక్కటే చూస్తే చాలదు

సంపాదకులకు,

ఒకే పనిని ప్రాసెసర్‌లోని పలు కోర్లకు (లెక్కలు చేసే భాగాలకు) పంచి చేయించడమే ప్యారలల్ ప్రోగ్రామింగ్. ఇంజినీరింగ్ కాలేజీల్లో ఈ ల్యాబ్‌లలో చాలాచోట్ల తెర మీద జవాబు సరిగ్గా వస్తే మార్కులు వేసేస్తున్నారు. ఈ సబ్జెక్టులో తప్పు ప్రోగ్రాం కూడా సరైన జవాబే ఇవ్వగలదు.

సీ భాషలో లూప్ పైన ఓపెన్‌ఎంపీ ప్రాగ్మా (లూప్ పనిని కోర్లకు పంచమని చెప్పే లైను) రాసి, జీసీసీ కంపైలర్‌కు మైనస్ ఎఫ్‌ఓపెన్‌ఎంపీ (-fopenmp) ఫ్లాగు ఇవ్వడం మరిచిపోతే కంపైలర్ ఆ లైనును చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. ప్రోగ్రాం ఒక్క కోరు మీదే నడుస్తుంది. జవాబూ వస్తుంది, మార్కులూ పడతాయి!

సమయం కొలిచేవాళ్లు కూడా లైనక్స్‌లో క్లాక్ ఫంక్షన్ వాడి బోల్తా పడుతుంటారు. అది చూపేది గడియారంలో గడిచిన సమయం కాదు, థ్రెడ్లన్నీ (ప్రోగ్రాంలో ఏకకాలంలో నడిచే పాయలన్నీ) కలిసి వాడుకున్న ప్రాసెసర్ సమయం. నాలుగు థ్రెడ్లు పక్కపక్కనే రెండేసి సెకన్లు పనిచేస్తే ఎనిమిది అంటుంది. గడియారం సమయాన్నే చూపే ఓపెన్‌ఎంపీ ఫంక్షన్ ఓఎంపీ గెట్ డబ్ల్యూటైం (omp_get_wtime) వాడితే ఈ చిక్కు ఉండదు.

ఇక అసలు రోగం రేస్ కండిషన్. నాలుగు థ్రెడ్లు ఒకే కౌంటర్‌కు తలా 10 లక్షల సార్లు ఒకటి కలిపితే 40 లక్షలు రావాలి. సాధారణంగా తక్కువొస్తుంది, అదీ నడిపినప్పుడల్లా వేరే అంకె. చదవడం, కలపడం, తిరిగి రాయడం మూడు వేర్వేరు పనులు కావడంతో, ఒక థ్రెడ్ రాసినదాన్ని ఇంకోటి పాత విలువతో తుడిచేస్తుంది. కోడ్‌ను వేగవంతం చేయమనే మైనస్ ఓ2 (-O2) ఫ్లాగుతో కంపైల్ చేస్తే ఆ లూప్ మొత్తం ఒకే కూడికగా మారిపోవచ్చు. అప్పుడు 40 లక్షలే కనిపించి తప్పు దాక్కుంటుంది. ఆ మూడు పనులనూ మధ్యలో ఇంకో థ్రెడ్ దూరకుండా ఒకటిగా చేయించే అటామిక్ పెడితే లెక్క సరిపోతుంది గానీ ఒక్క థ్రెడ్ కన్నా నెమ్మదించడం మామూలే. రిడక్షన్ వాడితే ప్రతి థ్రెడ్ తన లెక్క తను వేసుకుని చివర్లో ఒక్కసారి కలుపుతుంది.

థ్రెడ్ల విడివిడి కౌంటర్లను ఒకే అర్రేలో పక్కపక్కన పెట్టడం మరో పొరపాటు. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో క్యాష్ లైన్ (కోరు తన దగ్గరి వేగవంతమైన మెమరీలోకి ఒకేసారి తెచ్చుకునే ముక్క) 64 బైట్లు. అందులో 8 బైట్ల కౌంటర్లు ఎనిమిది పడతాయి. ఒక కోరు తన కౌంటర్ మార్చినప్పుడల్లా మిగతా కోర్ల దగ్గరున్న ఆ లైను చెల్లకుండా పోయి, మళ్లీ తెచ్చుకోవాల్సి వస్తుంది. జవాబు నిక్షేపంగా ఉంటుంది, వేగం మాత్రం మంటగలుస్తుంది. ఒక్కో కౌంటర్‌ను ఒక్కో లైనులో పెట్టాలి.

అన్నీ సరిగ్గా రాసినా ఎనిమిది కోర్లకు ఎనిమిది రెట్ల వేగం ఆశించకూడదు. నాట్లకు ఎంతమంది దిగినా, దమ్ము చేసే ట్రాక్టర్ ఒక్కటే అయితే అది ముగిసేదాకా గట్టు మీద కూర్చోవలసిందే. కంప్యూటర్ శాస్త్రవేత్త జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పింది ఇదే. పనిలో 90 శాతం పంచుకోగలిగినా 8 కోర్లతో దక్కేది సుమారు 4.7 రెట్లు. ఎన్ని కోర్లు పెట్టినా 10 రెట్లు దాటదు.

కాబట్టి రికార్డులో 1, 2, 4, 8 థ్రెడ్లతో ఐదేసిసార్లు నడిపిన సమయాల పట్టిక, ల్యాబ్ కంప్యూటర్‌లో నిజమైన కోర్లెన్ని, హైపర్‌థ్రెడింగ్‌తో (ఒక్క కోరు రెండుగా కనిపించే ఏర్పాటుతో) కనిపించేవెన్ని అన్న వివరం తప్పనిసరి చేయాలి. పీథ్రెడ్స్ (థ్రెడ్లను నేరుగా సృష్టించే లైబ్రరీ) ప్రోగ్రాంలను, రేస్ కండిషన్లను పట్టిచ్చే థ్రెడ్ శానిటైజర్‌తో ఒకసారి నడిపించాలి. సగం మార్కులు వీటికే కేటాయించాలని విశ్వవిద్యాలయాల పాఠ్య మండళ్లను కోరుతున్నాం.

– కంప్యూటర్ సైన్స్ అధ్యాపకులు, వరంగల్