మేడ తలుపుకు తాళం ఎందుకు?

సంపాదకుడి గారికి,

తిరుపతి కొర్లగుంటలో ఒక మూడంతస్తుల ఇంట్లో, పై వాటాలో అద్దెకు ఉంటున్నాం. ఈ మధ్య ఒక రాత్రి రెండు గంటల వేళ మెట్ల కింద మంటలు లేచాయి. మీటర్ల బోర్డు నుంచి వచ్చాయో, దాని పక్కనే ఛార్జింగుకు పెట్టిన స్కూటర్ నుంచి వచ్చాయో ఇప్పటికీ తేలలేదు. మమ్మల్ని లేపింది మాత్రం కింది వాటా వాళ్ల కుక్క. తలుపు తీసేసరికి మెట్ల దారి మొత్తం నల్లటి పొగ. పైకి పరుగెత్తితే మేడ తలుపుకు తాళం ఉంది, తాళంచెవి కింద యజమాని ఇంట్లో ఉంది. కపిలతీర్థం వైపు నుంచి కోతులు వస్తాయని వేసిన తాళం అది. తిరిగి ఇంట్లోకి వెళ్లి, తలుపు సందుల్లో తడి దుప్పట్లు కుక్కి, బాల్కనీలో నిలబడి 101కి ఫోను చేశాం. అగ్నిమాపక సిబ్బంది త్వరగానే వచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు, అది మా అదృష్టం.

పొగ వాసనకు మెలకువ వస్తుందని చాలామంది ధీమా. నేనూ అలాగే అనుకునేవాడిని. నిద్రలో ముక్కు కూడా నిద్రపోతుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు అసలు వాసనే ఉండదు, మనిషిని ఇంకా గాఢమైన మత్తులోకి తోస్తుంది. అగ్నిప్రమాదాల్లో కాలిన గాయాలకన్నా పొగకే ఎక్కువమంది చనిపోతారు. 2022 సెప్టెంబరులో పక్కనే రేణిగుంటలో తెల్లవారుజామున ఒక ఇల్లు అంటుకుని తండ్రి, ఇద్దరు పిల్లలు పోయినప్పుడు నాలుగు రోజులు అందరం మాట్లాడుకున్నాం. ఆ తర్వాత ఎవరింట్లోనైనా పొగ అలారం చూశామా?

పొగ తగలగానే గట్టిగా మోగి లేపే, అరచేతిలో పట్టే వస్తువు అది. బ్యాటరీతో నడిచేది వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. పడకగది బయట పైకప్పుకు బిగిస్తే చాలు. పోపు పొగకూ సాంబ్రాణికీ ఊరికే అరుస్తుందని కొందరు వద్దంటారు. వంటింటికీ పూజగదికీ దూరంగా పెడితే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది. నెలకోసారి మీట నొక్కి చూసుకోవాలి, పదేళ్లకు మార్చేయాలి. గ్యాసు లీకును మాత్రం ఇది పసిగట్టదు. ఆ వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా కిటికీలు తెరిచి, బయటికి వచ్చి గ్యాసు లీకుల అత్యవసర నంబరు 1906కి ఫోను చేయాలి.

ఇంట్లోపల పెట్టుకునేది మన చేతిలో ఉంది. మెట్ల దారి సంగతి అలా కాదు, అది యజమానిది. మంట కింద మొదలైతే ఆ మెట్లదారే పొగగొట్టం అవుతుంది. మన ఊళ్లో సగం ఇళ్లకు మీటర్లు అక్కడే, బండ్లు అక్కడే, పాత సామాన్లూ అక్కడే. ఇక బ్రహ్మోత్సవాలప్పుడు యాత్రికులకు గదులు ఇచ్చే ఇళ్ల మాట చెప్పక్కర్లేదు. నిన్న సాయంత్రం దిగిన కుటుంబానికి చీకట్లో మెట్లు ఎటున్నాయో కూడా తెలియదు. ఇంగ్లండులో 2015 నుంచి అద్దె ఇంటి ప్రతి అంతస్తులో పొగ అలారం పెట్టాల్సిన బాధ్యత యజమానిదే. మన నగరపాలక సంస్థ అంత దూరం పోకపోయినా, అద్దెకిచ్చే బహుళ అంతస్తుల ఇళ్లకు రెండు షరతులైనా పెట్టాలి. మెట్ల దారిలో ఒక అలారం ఉండాలి. మేడ తలుపుకు తాళం బదులు లోపలి గడియ ఉండాలి. కోతులను ఆపడానికి గడియ చాలు.

మా యజమాని మర్నాడే తాళం తీయించి గడియ పెట్టించారు. అలారం మాత్రం మేమే కొనుక్కున్నాం.

– ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి