పుస్తకాల బీరువాకి తాళం తీసేశాను

రెండు నెలలుగా మా వాయిద్యాల షాపు కబుర్లేమీ రాయలేదు. అడిగినవాళ్ళందరికీ "రాస్తాను, రాస్తాను" అని తప్పించుకుంటూ వచ్చాను. ఇవాళ పొద్దున్నుంచి కరెంటు లేదు, సోల్డరింగ్ పని ముట్టుకునే వీల్లేదు, అందుకని కౌంటర్ దగ్గర కూర్చుని ఫోన్లోనే కొడుతున్నాను. అక్షరం అటూ ఇటూ అయితే సర్దుకోండి.

ముందు పుస్తకాల సంగతి. కిందటి దసరాకి, పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి విజయనగరమంతా జనం దిగుతారు కదా అని, గిటార్ల పక్కన ఒక గాజు బీరువా పెట్టి రాక్ సంగీతం మీద ముప్ఫై నాలుగు పుస్తకాలు తెప్పించాను. మా ఆవిడ అప్పుడే అంది, "తీగల సెట్టుకే బేరమాడేవాళ్ళు పుస్తకాలు కొంటారా?" అని. జనం వచ్చారు. బీరువా ముందు నిలబడి ఫొటోలు దిగారు, పిల్లలకి బూరలు ఎక్కడ దొరుకుతాయో నన్నే అడిగి వెళ్ళిపోయారు. ఇవాల్టికి అమ్ముడైనవి ఏడు. అందులోనూ రెండు వెనక్కి తీసుకున్నాను, అవి దొంగ ప్రింట్లు కాబట్టి. ఆన్‌లైన్లో సగం ధరకే ఇస్తానన్న ఒకడి దగ్గర ఆశపడి కొన్నాను. ఫొటోల పేజీలు మసిగుడ్డలా ఉన్నాయి, ఒకదాంట్లో అయితే పదహారు పేజీలు రెండేసిసార్లు వచ్చి ఆ తర్వాతి పదహారు అసలు లేవు. ఆ ఇద్దరికీ డబ్బులు తిరిగిచ్చేశాను. విప్పి చూడకుండా అమ్మింది నేను, కాబట్టి తప్పు నాదే.

ఇక అమ్మకం మానేశాను. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి ఆ బీరువాకి తాళం ఉండదు. మూడు వందలు డిపాజిట్ కట్టండి, పుస్తకం పట్టుకెళ్ళండి, ఇరవై రోజుల్లో తెచ్చిస్తే మీ మూడు వందలు మీకే. అద్దె లేదు. అన్నీ ఇంగ్లీషు పుస్తకాలే, అది ముందే చెబుతున్నాను. నేను కూడా డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివినవాణ్ణే, సిగ్గుపడక్కర్లేదు.

ఏది పట్టుకెళ్ళాలి అంటారా? నా కొలత ఒకటే, చదువుతుంటే పని కనబడాలి. వేళ్ళు, తీగలు, రిహార్సల్ గది, కట్టని అద్దె. హోటల్ గదుల్లో టీవీలు పగలగొట్టడం, తాగి పడిపోవడం, ఎవరు ఎవరితో తిరిగారు, ఇవే మూడొందల పేజీలు ఉంటే నాకు నిద్ర వస్తుంది. అలాంటివి కూడా బీరువాలో నాలుగైదున్నాయి, అట్ట చూసి మోసపోయి తెప్పించినవి. పేర్లు రాయను, అడిగితే చెబుతాను.

మొదట కీత్ రిచర్డ్స్ 'లైఫ్', 2010లో వచ్చింది. రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు. మత్తుమందుల గొడవ దీంట్లో కూడా బోలెడుంది, ఆ పేజీలు తిప్పేయండి. నాకు నచ్చింది వాళ్ళ తాతగారి కథ. తాత ఇంట్లో పియానో మీద ఒక గిటారు నిలబెట్టి ఉండేదట. అందుకోగలిగేంత ఎదిగితే వాయించుకోవచ్చు అనేవాడట. ఆ గిటారు ఎప్పుడూ అక్కడే ఉంటుందనుకున్నాడు కుర్రాడు. మనవడు వస్తున్నాడని తెలిసినప్పుడే తాత దాన్ని బయటికి తీసి అక్కడ పెట్టేవాడని తర్వాతెప్పుడో తెలిసింది. పిల్లాడికి గిటారు కొని, మర్నాటి నుంచే "రోజూ గంటసేపు కూర్చోవా?" అని వెంటపడే నాన్నలు ఈ నాలుగు పేజీలు చదివితే నాకు సెకండ్ హ్యాండ్ గిటార్లు ఇన్ని రావు. అవి వస్తేనే నాకు వ్యాపారం అనుకోండి, అయినా చెబుతున్నాను.

అదే పుస్తకంలో నాకు నచ్చిన రెండోది, ఐదు తీగల సంగతి. కీత్ తన గిటారు మీద లావు తీగ, అంటే ఆరోది, పీకేసి, మిగిలిన ఐదింటినీ ఓపెన్ జి అనే శ్రుతిలో పెట్టుకుంటాడు. చేసేది పెద్దగా ఏమీ లేదు, 'ఏ' తీగని 'జి'కి దించాలి, సన్న 'ఇ' తీగని 'డి'కి దించాలి, మధ్యలో మూడూ ముట్టుకోనక్కర్లేదు. ఎడమచేయి ఎక్కడా పెట్టకుండా ఊరికే మీటినా నిండుగా ఒక కార్డ్, అంటే కలిసి పలికే స్వరాల గుంపు, పలుకుతుంది. ఇది చదివిన ఉత్సాహంలో, డిగ్రీ చదివే ఒక కుర్రాడు కొత్తగా కొన్న గిటారు మీదే చేసి చూపించాను, వాడు మురిసిపోయి అలాగే పట్టుకుపోయాడు. మర్నాడు వాళ్ళ నాన్నగారు దిగారు. "ఏటి బాబూ, ఎనిమిదేలు పుచ్చుకుని ఓ తీగ పీకేసి పంపినావు?" అన్నారు. నేను పుస్తకం తీసి పేజీ చూపించాను. ఆయన పుస్తకం వైపు చూడలేదు, నా వైపే చూశారు.

ఆ సమయానికి షాపులో మ్యూజిక్ కాలేజీలో పనిచేసి రిటైరైన వయొలిన్ మాస్టారొకరు కూర్చుని ఉన్నారు. అదే, 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్‌గా ఉన్న, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ చెప్పిన మన కాలేజీ. మాస్టారు ఆ ఐదు తీగలూ ఒకసారి కింద నుంచి పైకి మీటమన్నారు. మీటాను. కళ్ళు మూసుకుని "స, ప, స, గ, ప. ఇందులో ఏముందయ్యా, మా వయొలిన్ శ్రుతి స, ప, స, ప, దీంట్లో మధ్యన ఒక గాంధారం ఎక్కువొచ్చింది, అంతే" అన్నారు. లండన్ పక్క కుర్రాడు అమెరికా వాళ్ళ దగ్గర నేర్చుకున్నది మనూరి మాస్టారికి ఒక్క మీటుకి తెలిసిపోయింది. ఆ కుర్రాడి నాన్నగారు మాత్రం తీగ కట్టించుకునే వెళ్ళారు.

ఆడపిల్లలు, అబ్బాయిలు, డబ్బుల్లేక నెలాఖరు లాగుతున్నవాళ్ళు ఎవరైనా సరే, రాక్ గాయని ప్యాటీ స్మిత్ 'జస్ట్ కిడ్స్' ముట్టుకోకుండా ఉండకండి. ఇది కూడా 2010దే, ఆ ఏడాది అమెరికాలో నేషనల్ బుక్ అవార్డ్ వచ్చింది. 1967లో న్యూయార్క్ వచ్చిన ప్యాటీ, తర్వాత పెద్ద ఫొటోగ్రాఫర్ అయిన రాబర్ట్ మేపుల్‌థార్ప్, ఇద్దరికీ ఇరవై దాటీ దాటని వయసు. మ్యూజియంకి ఒక్క టిక్కెట్టుకే డబ్బులుంటే ఒకళ్ళు లోపలికెళ్ళి చూసొచ్చి బయట నిలబడ్డవాళ్ళకి బొమ్మలన్నీ వర్ణించి చెప్పేవారు. ఒకరోజు ఆమె డబ్బాలో నాణేలు వేసి శాండ్‌విచ్ తీసుకునే హోటల్‌కి వెళితే ధర పెరిగిపోయి ఉంది, పది సెంట్లు తక్కువపడ్డాయి. వెనకనుంచి ఒకాయన ఆ పది సెంట్లూ వేశాడు, కాఫీ కూడా ఇప్పించాడు. చూస్తే కవి అలెన్ గిన్స్‌బర్గ్! ఆయన ఆమెని అందమైన అబ్బాయి అనుకున్నాడు. ఆ సంగతి తేలాక నవ్వేశాడు. నేను విశాఖలో కోర్సు చేసే రోజుల్లో దోశకి రెండు రూపాయలు తక్కువై మెనూ బోర్డు ముందు తచ్చాడిన మధ్యాహ్నం గుర్తొచ్చి, ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. నాకు ఏ కవీ తగల్లేదు, ఇడ్లీ తిని వచ్చేశాను.

ఊళ్ళ పండగలకి వెళ్ళే ఆర్కెస్ట్రా వాళ్ళు నా ఖాతాదార్లలో సగం మంది. చీపురుపల్లి, పాలకొండ, రాజాం, టాటా ఏస్ వెనక స్పీకర్ల మీదే పడుకుని తెల్లారి ఇంటికి చేరేవాళ్ళు. మీకోసం మైకేల్ అజెరాడ్ రాసిన 'అవర్ బ్యాండ్ కుడ్ బి యువర్ లైఫ్' పక్కన పెట్టాను. 2001లో వచ్చింది. 1981 నుంచి 1991 వరకు పెద్ద కంపెనీల దన్ను లేకుండా వ్యాన్లలో ఊరూరా తిరిగిన పదమూడు అమెరికన్ బ్యాండ్ల కథలు. మినిట్‌మెన్ అని ఒక బ్యాండ్, ముగ్గురే, ఖర్చు తగ్గించడం వాళ్ళకి మతంలాంటిది. సామాన్లు వాళ్ళే దించుకునేవారు, రికార్డింగ్ కూడా చవగ్గా కానిచ్చేసేవారు. వాళ్ళ గిటారిస్టు డి. బూన్ 1985 డిసెంబరులో వ్యాన్ ప్రమాదంలోనే పోయాడు. రాత్రి ప్రయాణాలు చేసే మీకు ఆ అధ్యాయం కొంచెం కష్టంగా ఉంటుంది, చెప్పి ఇస్తున్నాను. ఫుగాజీ అని ఇంకో బ్యాండ్ వాళ్ళయితే టిక్కెట్టు ఐదు డాలర్లు దాటనివ్వకుండా చూసుకునేవారు. ఆ సంగతి చెబితే ఒక కీబోర్డ్ తమ్ముడు, "అన్నయ్యా, మాకు కమిటీవాళ్ళు ఆ ఐదు కూడా ఇవ్వట్లేదు" అన్నాడు.

రాబర్ట్ పామర్ 'డీప్ బ్లూస్', 1981. ఆ పేరుతో ఒక పాటగాడు కూడా ఉన్నాడు, ఈయన వేరు, విమర్శకుడు. ఇది రాక్ పుస్తకం కాదు, అమెరికా నల్లవాళ్ళ బ్లూస్ పాటల గురించి, అంటే రాక్ ఎక్కడినుంచి వచ్చిందో చెప్పేది. బ్లూస్ పాటగాడు మడ్డీ వాటర్స్ మిసిసిపీలో పత్తి తోటలో ఉండగా 1941లో జానపద పాటలు సేకరించే అలన్ లోమాక్స్ వెళ్ళి రికార్డు చేశాడు, 1943లో మడ్డీ షికాగో చేరి తర్వాత కరెంటు గిటారు పట్టాడు. రోలింగ్ స్టోన్స్‌కి ఆ పేరు వచ్చింది కూడా మడ్డీ పాటలోంచే. ఆ మిసిసిపీ డెల్టా పల్లెల్లో గిటారు కొనలేని పిల్లలు ఇంటి గోడకి ఒక తీగ మేకులతో బిగించి, సీసా దాని మీద జారుస్తూ వాయించేవారు. ఇది చదివినప్పుడు నాకు మన జముకే గుర్తొచ్చింది. చంకలో పెట్టుకుని, ఒక్క తీగని లాగుతూ వదులుతూ మీటితే అది మనిషిలా మూలుగుతుంది కదా. శ్రీకాకుళం వైపునుంచి జముకులకథ చెప్పే పెద్దాయన ఒకాయన తోలు కోసం వస్తుంటాడు, ఆయనకి గోడ తీగ సంగతి చెప్పాను. "ఒక తీగ సాలదేటి బాబూ? కథ మన దగ్గరుండాల గానీ" అన్నాడు.

మిగతావి గబగబా. రాక్ పాటగాడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 'బోర్న్ టు రన్', 2016. ఏడేళ్ళప్పుడు అమ్మ గిటారు అద్దెకి తెచ్చిస్తే చేతులు చిన్నవై వాయించలేక తిరిగిచ్చేశాడట, కాబట్టి వారం తిరక్కుండా గిటారు వెనక్కి తెచ్చే పిల్లల్ని నేను ఇప్పుడు ఏమీ అనడం లేదు. నాన్నతో మాటల్లేని ఇల్లు, పెద్దయ్యాక పట్టుకున్న డిప్రెషన్, రెండూ దాచకుండా రాశాడు. లావుగా ఉంటుంది, అయినా చదివిస్తుంది. పాటగాడు బాబ్ డిలన్ 'క్రానికల్స్' 2004ది, మొదటి సంపుటమని అట్ట మీదే వేసి రెండోది ఇంతవరకు ఇవ్వలేదు, మా ఊరి కాంట్రాక్టర్లలాగే. కాలం వరసలో ఉండదు, మొదటిసారి నేను సగంలో వదిలేశాను, రెండోసారి పట్టింది. మన దేశం గురించి కావాలంటే సిద్ధార్థ్ భాటియా 'ఇండియా సైకెడెలిక్' ఉంది, అరవైలు డెబ్భైల్లో ఇక్కడ గిటార్లు పట్టిన కుర్రాళ్ళు, సిగరెట్ కంపెనీ పెట్టిన సిమ్లా బీట్ అనే బ్యాండ్ల పోటీలు. 1968 ఫిబ్రవరిలో బీటిల్స్ రిషీకేశ్ వచ్చిన కథ అజోయ్ బోస్ పుస్తకంలో ఉంది. రెండూ బాగుంటాయి, వాటిలో మన వైపు ఊళ్ళు కనబడవేమో అని మాత్రం అనుకోకుండా తెరవండి, నేను అలా అనుకునే ఆలస్యంగా చదివాను.

రిపేర్ల విషయం. భుజం నొప్పి వల్ల మూడు వారాలు నేను సరిగ్గా పని చేయలేకపోయాను, తొమ్మిది వాయిద్యాలు మీవి నా దగ్గరే ఉన్నాయి. రెండు హార్మోనియంలు ఈ శనివారానికి, గిటార్లు ఆ పై వారానికి ఇస్తాను. పెళ్ళి ప్రోగ్రాం ఉన్నవాళ్ళు ముందే చెప్పండి, మీది ముందు తీస్తాను. టెన్షన్ పడి పది ఫోన్లు చేయకండి, ఒకటి చాలు. తీగల ధర మాత్రం పెరిగింది, పాత స్టాకు ఉన్నంతవరకు పాత ధరకే.

ఇంకో మాట, ఆ డిగ్రీ కుర్రాడికి. నిన్న సాయంత్రం మీ నాన్నగారు చూడకుండా మళ్ళీ వచ్చి తీగ తీయించుకున్నావు కదా, అది కవర్లో పెట్టి, మీద నీ పేరు రాసి, కౌంటర్ కింద సొరుగులో ఉంచాను. ఆయన వస్తే ఏం చెప్పాలో ముందే చెప్పి ఉంచు.