ఉద్యోగం మారే ముందు

సంపాదక మహాశయా,

విశాఖపట్నంలోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో చాలాకాలంగా చేస్తున్న ఉద్యోగం వదిలి మరో సంస్థలో చేరాలని నిర్ణయించుకున్నాను. ఒడిశాలోని రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి నుంచి వెళ్లి ఇదే రంగంలో పనిచేస్తున్న మన పిల్లల కోసం ఈ లేఖ రాస్తున్నాను.

అందరూ జీతం ఎంత పెరిగిందనే అడుగుతారు. నోటీసు గడువు మాట ఎవరూ ఎత్తరు. రాజీనామా ఇచ్చాక చాలా సంస్థలు 90 రోజులు ఉండమంటాయి, కొత్తవారేమో నెలలో రమ్మంటారు; మిగిలిన రోజులకు జీతం కట్టి బయటపడే వీలుందో లేదో నియామక పత్రంలో చూసుకున్నాకే రాజీనామా ఇవ్వాలి.

జీతంలోంచి నెలనెలా జమయ్యే భవిష్యనిధి (పీఎఫ్) సంగతి ఇంకా ముఖ్యం. ఉద్యోగం మారినప్పుడల్లా ఆ సొమ్ము తీసేసుకోవడం మన ఊళ్లలో అలవాటైపోయింది, అది చూస్తే నాకు బాధ కలుగుతుంది. 5 ఏళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడవచ్చు. పింఛను భాగం కూడా తీసేసుకుంటే, 58 ఏళ్లు నిండాక వచ్చే పింఛనుకు కావలసిన 10 ఏళ్ల సర్వీసు లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఖాతాను బదిలీ చేయించుకోవడమే మేలు. అయితే మనకు ఇక్కడ ఒక చిక్కుంది. తెలుగువారు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒడిశాలో చదివిన మన సర్టిఫికెట్లలో, ఆధార్‌లో అది చివర ఉంటుంది. సంస్థ రికార్డులో వేరేగా ఉంటే బదిలీ ఆగిపోతుంది. ఆ సవరణకు కొందరి విషయంలో పాత యాజమాన్యం ఆమోదం అవసరం కావచ్చు కాబట్టి, అక్కడ ఉండగానే దరఖాస్తు చేసి సరిచేయించుకోవాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, రాయగడ