మేడమీద వాటా తాళం తీశాం

చిన్నమ్మలూ,

ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వు ఫోన్ చేసి ఇరవై రెండు రోజులైంది. లెక్కపెట్టింది మీ అమ్మ, నేను కాదు. ఫోన్‌లో నాలుగు మాటలు అయ్యేసరికి నీకు ఏదో మీటింగ్ వచ్చి పడుతుంది కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. అన్నం తిన్నాక చదువు.

మూడు వారాల కిందట ఓ ఆదివారం పిన్ని వచ్చింది. నువ్వు ఉద్యోగం మానేశావని ఆవిడకి ఎవరో చెప్పారట. పిన్ని మాటలు నీకు తెలియనివా? నేను పట్టించుకోలేదు. మర్నాడు సోమవారం మేడమీద వాటా తాళం తీశాం. ఆ రెండిటికీ సంబంధం లేదు. వచ్చేపోయే చుట్టాలకి పనికొస్తుందని బాగుచేయిస్తున్నాం, అంతే. మనింటికి ఇప్పుడు వచ్చేదెవరని అడగకు, మీ అమ్మ ఆల్రెడీ అడిగింది.

బాబాయి వెళ్ళాక మళ్ళీ ఇదే తీయడం. తాతయ్య మడతమంచం, నీ పదో తరగతి పుస్తకాల పెట్టె ఎక్కడివక్కడే ఉన్నాయి. పెట్టె బాగానే ఉంది, చెదలు గుమ్మానికి పట్టాయి. గోడ వెంట సన్నటి మట్టి దారి కనిపిస్తే అవే. చెక్కని స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోయి, డొల్ల మోత వచ్చిన చోట గుర్తు పెట్టాను. అడుగున అంత మేరకే కోసి కొత్త ముక్క అతికాడు వడ్రంగి. గుమ్మం మొత్తం పీకేద్దామన్నాడు గానీ నేను ఒప్పుకోలేదు.

అసలు తిప్పలు పెట్టింది నిమ్ము. నీ ఎత్తు గీతలున్న గోడ, ఆ మూల గుర్తుందా? ఎప్పుడూ పెచ్చులు ఊడి, తెల్లగా ఉప్పు పూసేది. అప్పట్లో పాత సున్నం గార గీకించి సిమెంటు పూయించింది నేనే. రెండేళ్ళు గడవకుండా పక్క గోడ ఉబ్బింది. దాని మీద ఖరీదైన రంగు వేయించాను, అది పొరలు పొరలుగా లేచింది. మళ్ళీ వేయించాను. బాబాయి అప్పుడే అన్నాడు, "మేడమీద గోడకి నేలలోంచి నిమ్ము ఎలా ఎక్కుతుంది అన్నయ్యా, ముందు పైకెక్కి చూడు" అని. నాకు చెప్పొచ్చావా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇప్పుడు ఎక్కి చూస్తే, పిట్టగోడ మూల తూములో మొక్క మొలిచి ఉంది. వేళ్ళు పగులులోకి దిగాయి. వాన నీళ్ళు పోయే దారి లేక అక్కడే నిలిచి, అన్నేళ్ళూ గోడలోకి ఇంకాయన్నమాట. సున్నం గార ఉన్నన్నాళ్ళూ ఆ తడి కొంతైనా బయటికి ఆరిపోయేది. సిమెంటు పూసి నేను ఆ దారి కూడా మూసేశాను. మొక్కని వేళ్ళతో సహా తీయించి, తూము బాగుచేయించి, సిమెంటంతా చెక్కించాం. మందపాటి గోడ, ఆరడానికి నెలలు పడుతుంది. ఆరాకే సున్నం గార. నీ గీతలు పోయాయి. చెక్కేముందు మీ అమ్మ వాటి కొలతలు కాగితం మీద రాసుకుంది.

వైరింగ్ మొత్తం మార్పించాం. పాతదానికి ఎర్తింగే లేదు. కరెంటు ఎక్కడైనా లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ముప్పై మిల్లీ ఆంపియర్ల ట్రిప్పర్ పెట్టించాను. నీ ఫ్లాట్‌లో ఉందా? దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నొక్కితే కరెంటు పోవాలి. పోకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలువు. బద్ధకించకు. తడి చేత్తో స్విచ్‌లు ముట్టుకునే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఇంకో మాట, ఆరు నెలల ఖర్చుకి సరిపడా డబ్బు ఎప్పుడూ విడిగా ఉంచుకోవాలి. ఉద్యోగం ఉన్నా, లేకపోయినా. ఇది నేను ఎవరికైనా చెప్పేదే. ఉద్యోగం పోవడం తప్పేమీ కాదని కూడా ఎవరికైనా చెబుతాను. చెప్పకుండా దాచుకుంటేనే టెన్షన్. సరే, ఉపన్యాసం ఇవ్వనని మీ అమ్మకి మాటిచ్చాను.

బాత్రూమ్‌లో తూముకి గుడ్డ కుక్కి రెండు రోజులు నీళ్ళు నిలబెట్టాం. కింద సీలింగ్‌కి చెమ్మ దిగలేదు.

కిటికీ దగ్గర రాసుకునే బల్ల వేయిస్తున్నాను, పక్కనే రెండు ప్లగ్ పాయింట్లు. వచ్చినవాళ్ళు కంప్యూటర్ పెట్టుకుని రోజంతా పని చేసుకోవచ్చు, ఎన్నాళ్ళున్నా ఇబ్బంది ఉండదు. పైన పుస్తకాలకి అల్మారా. ఎంత ఎత్తులో బిగించాలని వడ్రంగి రోజూ అడుగుతున్నాడు. నువ్వు గోడకి ఆనుకుని నిలబడి, చెయ్యి పైకెత్తితే ఎంతవరకు అందుతుందో కొలిచి రాయి. చుట్టాలు సుమారుగా నీ ఎత్తే ఉంటారు. శనివారం లోపల చెప్పు, అతను ఆ తర్వాత దొరకడు.

మీ నాన్న